బాద్‌షా 1591

ఆధారం లేని మాట మాటే కాదని మానవజాతి ఈమధ్య ఏకగ్రీవంగా తీర్మానించుకుంది. ఆ తీర్మానం ఎక్కడ జరిగిందో, ఎవరెవరు చేతులెత్తారో నా దగ్గర వివరాలు లేవు. కనుక ఈ మొదటి వాక్యాన్ని కూడా పాఠకులు నమ్మనక్కరలేదు.

మన నగరంలో ఈ తీర్మానాన్ని అందరికన్నా నిష్ఠగా అమలుచేస్తున్న సంస్థ ‘పాతబస్తీ చరిత్ర, కళ, సంస్కృతి చర్చావేదిక’. దీనికి భవనం లేదు, బల్ల లేదు, బంట్రోతు లేడు. ఫోనులో ఉంటుంది. సభ్యులు నలభై ఒక్క వేల మంది. (వీరిలో ఎంతమంది పాతబస్తీకి వచ్చారన్నది వేదిక పరిధిలోకి రాదు.) నియమాలు ముప్పై ఆరు. వాటిలో ప్రాణంలాంటిది నాలుగోది. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: “ప్రతి సందేశమునందును కనీసము ఒక చారిత్రక ప్రస్తావన, ఒక సాంస్కృతిక ప్రస్తావన, ఒక కళాత్మక ప్రస్తావన ఉండవలెను. లోపించిన సందేశము తిరస్కరింపబడును.”

సందేశం అంటే ఏ సందేశమైనా సరే. సైదాబాద్ సభ్యుడొకాయన పంటినొప్పితో వేదికకు వచ్చి, దగ్గరలో మంచి పళ్ల డాక్టరు ఎవరని అడిగాడు. తిరస్కరించారు. అయిదు రోజులు నియమావళి చదువుకుని మళ్లీ రాశాడు: “ఏనుగు దంతం మీద శిల్పాలు చెక్కే కళ మన సంస్కృతిలో రాజుల కాలం నుంచీ ఉన్నది. నా కింది దవడలో ఎడమవైపు రెండోది కదులుతున్నది.” ఈసారి ఆమోదించారు. రెండు వందల పద్నాలుగు మంది మెచ్చుకున్నారు. డెబ్బయి మంది ఏనుగుల గురించి అదనపు సమాచారం ఇచ్చారు. పన్ను ఆ లోపు దానంతటదే ఊడింది. నల్లా నీళ్లు రావడం లేదని ఫిర్యాదు చేయదలచిన ఒక గృహిణి సుల్తానుల కాలపు చెరువులతో మొదలుపెట్టి, నీటికుండల మీది ముగ్గుల మీదుగా తన వీధి దాకా వచ్చేసరికి నీళ్లు వచ్చి వెళ్లిపోయాయి.

ప్రస్తావనకు ఒక బిందువు చొప్పున ఇస్తారు. వంద బిందువులకు ‘పండిత’, అయిదు వందలకు ‘మహాపండిత’. ఒక సభ్యుడు ఎవరేం రాసినా కింద “చరిత్రలో ఇటువంటివి అనేకం కలవు” అని రాసి ఏడాదిన్నరలో మహాపండితుడయ్యాడు. ఆయన చెప్పింది తప్పని ఇంతవరకు ఎవరూ నిరూపించలేకపోయారు.

నేను ఈ వేదికలో చేరింది చిన్న పని మీద.

మా తమ్ముడు ప్రేమ్‌రాజ్ పెయింటర్. గోడల మీద, దుకాణం బోర్డుల మీద, ఆటోల వెనక బొమ్మలు వేసేవాడు, అక్షరాలు రాసేవాడు. వినాయక చవితికి ముందు రెండు నెలలు ధూల్‌పేట్‌లో విగ్రహాలకు కళ్లు దిద్దేవాడు. తన పనికి ఫోటో తీసుకునే అలవాటు లేదు. ఫ్లెక్సీలు వచ్చాక వాడి బోర్డులు చాలావరకు వాటి వెనక్కి పోయాయి. పోయిన ఫిబ్రవరిలో వాడూ పోయాడు. గుండె, అన్నారు.

తరవాత కొన్నాళ్లకు గౌలిపుర నుంచి బీరయ్య ఫోన్ చేశాడు. మేం ఒకప్పుడు కిరాయికున్న గల్లీలో ఆయనది పాల డెయిరీ.

“స్వరూపమ్మా, వచ్చే నెల మా గోడ తీస్తున్నం. మా నందు షటర్ పెడ్తడంట. పెరుగు, ఐస్‌క్రీం అమ్ముతడంట. తమ్ముని బొమ్మ ఉంది గదా గోడ మీద. ఒక్కపారి వచ్చి ఫోటో తీస్కపో.”

వెళ్లాను. బొమ్మ ఉంది. బాద్‌షా అనే దున్నపోతు. దీపావళి వెళ్లాక సదర్ పండగ నాడు ముస్తాబు చేసి ఊరేగించడానికి బీరయ్య పెంచినది. నల్లటి ఒళ్లు, మెడలో పచ్చటి బంతిపూల దండ, నీలం కొమ్ములు. ఆ కళ్లు ధూల్‌పేట్ కళ్లు. గల్లీలో ఏ మూల నిలబడినా మన వైపే చూస్తాయి, అదీ కొంచెం జాలిగా.

వెయ్యి తొమ్మిది వందల తొంభై ఒకటిలో వేశాడు. ఆ ఏడే బీరయ్య ఇంటికి ఫోన్ వచ్చింది. గల్లీ మొత్తానికి అదే మొదటిది. అందుకని బొమ్మ కింద ‘బాద్‌షా డెయిరీ, ఫోన్ 451591’ అని రాయించాడు. అంకెలు దూరానికి కనబడాలని డెయిరీ పేరుకన్నా పెద్దవిగా రాయించాడు. నేను పాఠాలు చెప్పే బడి రిజిస్టరులో సగం మంది పిల్లల ఇంటి నంబరు అదే. తరవాత పై వాటావాళ్లు డ్రైనేజీ గొట్టం దింపినప్పుడు నడిమధ్య గచ్చు ఊడిపోయింది. గొట్టానికి ఎడమవైపు ‘బాద్‌షా’ మిగిలింది. కుడివైపు ‘1591’ మిగిలింది.

నగరం ఏ సంవత్సరంలో పుట్టిందని అయిదో తరగతిలో అడిగితే మా పిల్లలు చెప్పే జవాబు కూడా అదే అంకె అని నాకు ఆ నిమిషాన తోచలేదు.

ఫోటో తీసి వేదికలో పెట్టాను. “గౌలిపురలోని ఈ బొమ్మ మా తమ్ముడు ప్రేమ్‌రాజ్ వేసినది. ఆయన ఈమధ్య పోయారు. ఆయన వేసిన వేరే బొమ్మల ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి.” నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది: “చారిత్రక ప్రస్తావనలు: సున్న. సాంస్కృతిక ప్రస్తావనలు: సున్న. కళాత్మక ప్రస్తావనలు: ఒకటి (బొమ్మ). మరణవార్త ఏ విభాగము కిందకును రాదు. సందేశము తిరస్కరింపబడినది. ఛాయాచిత్రము మాత్రము పరిశీలనకై ఉంచుకొనబడినది.”

మర్నాడు ఆ ఛాయాచిత్రం వేదిక మొదటి పేజీలో కనిపించింది. పెట్టినవారు ప్రధాన పర్యవేక్షకులు వైకుంఠం గారు. ఈయన గోనెసంచుల గిడ్డంగిలో ముప్పై మూడేళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్క సంచి కూడా రశీదు లేకుండా బయటికి పోనివ్వలేదని పేరు. శీర్షిక ఇదీ: “బాద్‌షా, 1591: నగర స్థాపన నాటి అపురూప రాజచిత్రం”. రాజును రాజుగా గీయడం అందరూ చేసే పనేననీ, దున్నపోతుగా గీయించుకోవడం ఆనాటి పాలకుల విశాల హృదయానికి గుర్తనీ వివరించారు. పదకొండు వందల మంది నమస్కారాలు పెట్టారు. మహాపండితుడు “చరిత్రలో ఇటువంటివి అనేకం కలవు” అన్నాడు.

ప్రాచీన చిత్రకళా విభాగం బాధ్యులు విమలాదేవి గారు కొమ్ముల రంగును పట్టుకున్నారు. ఇంతటి నీలం ఈ దేశంలో దొరకదనీ, పారశీక పర్వతాల్లో తవ్విన రాయిని ఒంటెల మీద తెప్పించి, నూరి, మేకపాలలో కలిపి ఉంటారనీ రాశారు. ఆ సగం వాల్చిన కన్ను పారశీక ఆస్థాన సంప్రదాయమేనని కూడా.

ఆ నీలం మా బడి గేటుకు వేయగా మిగిలింది. డబ్బా నేనే తెచ్చిచ్చాను. ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది కూడా నేనే.

“అక్కా, దండకే పసుపంతా అయిపోయింది. కొమ్ములకు నీలం ఏస్తున్న,” అన్నాడు పైనుంచి.

“నీలం కొమ్ములు ఏడనన్న ఉంటాయిరా?”

“బాద్‌షాను ఎవరడుగుతరు? నువ్వు నిచ్చెన సక్కగ పట్టు. నేను కింద పడితే బొమ్మకు తోక ఉండది.”

వాడికి అప్పుడు ఇరవై ఒక్కటి.

నేను వేదికకు నాలుగు వాక్యాల్లో ఇదంతా రాశాను. ఈసారి జాగ్రత్తగా ఒక చారిత్రక ప్రస్తావన, ఒక సాంస్కృతిక ప్రస్తావన కూడా చేర్చాను. ఆమోదించారు. వెంటనే ఆధారం అడిగారు.

వేదికలో ఆధారాలకు తరగతులున్నాయి. మొదటి తరగతి శాసనం, అంటే రాతి మీద చెక్కినది. రెండోది అచ్చయిన పుస్తకం. మూడోది ప్రభుత్వపు మాట. నాలుగోది మహాపండితుడి సందేశం. కంటితో చూసినవారు ఏ తరగతిలోకీ రారు. కళ్లకు పక్షపాతం ఉంటుందన్నది వేదిక అభిప్రాయం. నేను చూడటమే కాక నిచ్చెన కూడా పట్టుకున్నాను కనుక నాది “ఘటనలో భాగస్వామ్యం” అయింది. అది ఇంకా కింద.

ఈ సంగతి చెబితే బీరయ్యకు కోపం వచ్చింది. వేదికకు నోటిమాటగా ఒక సందేశం పంపాడు. నేనే రికార్డు చేసి పెట్టాను.

“నమస్తే అన్నలారా, మేడంలారా. నేను బీరయ్యను. గోడ నాది, దున్న నాది, ఫోన్ నాది. గది సంవత్సరం గాదు, మా ఫోన్ నంబరు. నాలుగు అయిదు ఒకటి అయిదు తొమ్మిది ఒకటి. గల్లీల ఎవర్ని నిద్రల లేపి అడిగినా చెప్తరు. గా బొమ్మ ఏసింది ప్రేమ్‌రాజు. దీని మీద మీకేం ఫికరొద్దు.”

విమలాదేవి గారు మర్యాదగా జవాబిచ్చారు. బీరయ్య గారి భాషలోని మాధుర్యాన్ని మెచ్చుకుంటూ రెండు పేరాలు రాసి, మూడో పేరాలో తమ సందేహం చెప్పారు: 1591 నాటికి టెలిఫోను కనిపెట్టలేదు, కాబట్టి ఇది టెలిఫోను నంబరు అయ్యే అవకాశం లేదు.

బీరయ్య ఆ జవాబు రెండుసార్లు చదివించుకున్నాడు.

“గీ మేడం మస్తు సదువుకున్నట్టుంది,” అన్నాడు చివరికి.

వేదిక ఏకపక్షంగా తేల్చిందని మాట రాకూడదని వైకుంఠం గారు స్వయంగా 1591కి ఫోన్ చేసి చూశారు. ‘మీరు డయల్ చేసిన నంబరు ఉనికిలో లేదు’ అని వినిపించింది. దాన్ని రికార్డు చేసి, ప్రభుత్వపు మాట కింద మూడో తరగతి ఆధారంగా నమోదు చేశారు.

ఈలోగా జనం రావడం మొదలైంది. కెమెరాలు, గొడుగులు, టోపీలు. ఒకాయన గోడను వాసన చూసి మేకపాలేనన్నాడు. బీరయ్య కొడుకు నందు గోడ కూల్చే మేస్త్రీని ఆగమన్నాడు. నందుకు ముప్పై అయిదేళ్లు. మా బడిలోనే చదివాడు. లెక్కలు బాగా వచ్చేవి.

“టీచర్, ఖుల్లా చెప్తున్న, మీరు బాధపడొద్దు,” అన్నాడు ఒక శనివారం నేను వెళ్లినప్పుడు. “బొమ్మ రాజుల కాలంది అన్నన్ని రోజులు నేను గోడ ముట్ట. ప్రేమన్న ఏసిండని తేలిందనుకోండి, చూడనీకి ఒక్కడు రాడు. షటర్ పెట్టుకోవుడే.”

“సిగ్గుండాలెరా,” అన్నాడు బీరయ్య. “నీ సైకిల్ మీద పులిబొమ్మ ఏసిండు గదరా ఆయన. యాదికి లేదా?”

“ఉంది బాపు. పులికి మీసాలు నీ లెక్కనే ఏసిండు.”

“మరి?”

“మరి అంటే ఏం జెప్పాలె? ఫోటో దిగనీకి దినాం ముప్పై నలభై మంది వస్తున్నరు, అందరు మజ్జిగ తాగుతున్నరు. ప్రేమన్న పేరు చెప్తే తాగుతరా?” నా వైపు తిరిగాడు. “మీరే చెప్పుండ్రి టీచర్. మీకు బొమ్మ ఉండాల్నా, పేరు ఉండాల్నా?”

పేరు కావాలంటే గోడ పోతుంది. గోడ కావాలంటే పేరు పోతుంది. ఇంత కఠినమైన ప్రశ్న నేను ఏ పరీక్షలోనూ ఇవ్వలేదు. వాడు నా దగ్గర చదువుకుని వెళ్లాక ఇలాంటివి ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు.

“రెండూ,” అన్నాను.

“గట్లెట్ల కుదురుతది టీచర్,” అన్నాడు నందు. మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

మరుసటి వారం వైకుంఠం గారే ఫోన్ చేశారు. మనిషి మంచివారు. నా పేరుతో పెండింగులో ఉన్న వినతులు పదిహేడు దాటాయనీ, వేదిక చరిత్రలో ఇది రికార్డు అనీ, అంత ఓపిక గల సభ్యురాలికి ఏదో ఒక దారి చూపించాలని ఉందనీ అన్నారు.

“అమ్మా, మీరు కళ్లతో చూసింది పక్కన పెడదాం. మీ తమ్ముడుగారి గురించి ఎక్కడైనా ఏదైనా పుస్తకంలో?”

“లేదండి.”

“పేపర్లో?”

“పోయినప్పుడు కూడా వేయించలేదండి.”

“పోనీ, శాసనం లాంటిది… రాతి మీద చెక్కింది… ఉండదులెండి.”

“ఉందండి,” అన్నాను.

అవతల కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. “రాతి మీదా?”

“రాతి మీదే. పేరుంది, పనుంది, తేదీలున్నాయి.”

“ఎక్కడుందమ్మా?”

“సమాధి మీద.”

“సమాధి శాసనం!” అన్నారు వైకుంఠం గారు. “అమ్మా, ఇంత మొదటి తరగతి ఆధారం చేతిలో పెట్టుకుని మూడు నెలలుగా నిచ్చెన, నిచ్చెన అంటారేమిటి?”

రాయి చిన్నది. చర్చి అయ్యగారు ఒక వాక్యం చెక్కించమన్నారు కాని చోటు చాలదని చెక్కే అతను అన్నాడు. ఒక్క మాట చాలు, ‘పెయింటర్’ అని చెక్కమన్నాను. సంవత్సరాలు కూడా నాలుగేసి అంకెలు పట్టవన్నాడు. రెండేసి చాలన్నాను. చూసేవాళ్లకు ఏ శతాబ్దమో తెలియకపోదు కదా అనుకున్నాను. ఇలా ఉంటుంది:

పెయింటర్ ప్రేమ్‌రాజ్
జననం 5-6-70
మరణం 14-2-25

ఫోటో పంపాను. పరిశీలనకు పదకొండు మందితో ఉపసంఘం వేశారు. తొమ్మిది రోజుల తరవాత తీర్పు వచ్చింది.

వేదిక తన పొరపాటును నిండు మనసుతో ఒప్పుకుంది. గౌలిపుర గోడ మీది చిత్రాన్ని అజ్ఞాత చిత్రకారుడి పేరున నమోదు చేయడం సరికాదనీ, దాన్ని గీసినవారు ప్రేమ్‌రాజ్ అని శిలాశాసనం వల్ల రుజువైందనీ ప్రకటించింది. ఎన్నో నెలలుగా ఈ సత్యం కోసం పోరాడిన ఉపాధ్యాయురాలికి అభినందనలు తెలిపి యాభై బిందువులు ఇచ్చింది.

తేదీల మీద విమలాదేవి గారి నివేదికను జతచేశారు. చిత్రం 1591 నాటిదని ఇదివరకే తేలింది కనుక, శాసనంలోని 70, 25 అంకెలను 1570, 1625గా చదువుకోవాలన్నారు. శతాబ్దిని వదిలేసి రాయడం ఆ కాలపు శిల్పుల వినయమట. ‘పెయింటర్’ అనే ఆంగ్లపదం గురించి కొందరికి సందేహం కలగవచ్చుననీ, ఆంగ్ల వర్తకులు 1611లోనే మచిలీపట్నంలో దిగారు కాబట్టి 1625 నాటి సమాధి మీద ఆ మాట ఉండటం సహజమేననీ, పైగా హైదరాబాదులో ఆ పదం వాడకానికి ఇదే తొలి ఆధారమనీ వివరించారు. చిత్రం గీసేనాటికి ప్రేమ్‌రాజ్ వయసు ఇరవై ఒక్క ఏళ్లని లెక్కగట్టారు.

వయసు సరిగ్గానే వేశారు.

నివేదిక చివర ఒక విచార ప్రకటన కూడా ఉంది. ఆ మహా చిత్రకారుడి నాలుగు వందలవ వర్ధంతి పోయిన ఫిబ్రవరి పద్నాలుగున ఎవరూ గమనించకుండానే గడిచిపోయిందనీ, ఆ రోజున ఆయనను తలచుకున్నవారు ఒక్కరూ లేకపోవడం నగరానికి సిగ్గుచేటనీ రాశారు. రెండు వేల మంది విచారం వ్యక్తం చేశారు. (అవి సంతాపాలు. మార్గం ఏదైతేనేం, వచ్చాయి.) శాసనం మీద పేరు చూసి ముగ్గురు నాకు ఫోటోలు కూడా పంపారు: ఒక సైకిల్ రిపేరు బోర్డు, ఒక ఆటో వెనక నెమలి, ఒక బ్యాండుమేళం వారి డప్పు. మూడూ వాడివే. మూడింటినీ పదిహేడో శతాబ్దం కింద చేర్చారు.

నందు మేస్త్రీకి వద్దని చెప్పేశాడు. షటర్ పక్క సందు వైపు పెట్టుకున్నాడు. గోడకు కింద రేకు ముక్క ఒకటి కొట్టించాడు: ‘చిత్రకారుడు: ప్రేమ్‌రాజ్ (1570–1625)’. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. దిద్దగలిగినవాడు ఇప్పుడు లేడు.

బీరయ్య, నేను ఆ రేకు ముందు నిలబడ్డాం.

“పేరైతే వచ్చింది స్వరూపమ్మా.”

“వచ్చింది.”

“తారీఖే తప్పు.”

“తప్పే.”

“దినాం పోరగాళ్ల తప్పులు దిద్దెదానివి. గిదొక్కటి దిద్దవా?”

దిద్దితే మేస్త్రీ వస్తాడు. ఆ మాట ఆయనకూ తెలుసు. పాలు పిండే వేళైందని లోపలికి వెళ్లాడు.

తీర్పు మీద అభ్యంతరాలు పెట్టుకోవడానికి వేదిక పదిహేను రోజులు గడువిచ్చింది. అది నిన్నటితో ముగిసింది. నేను ఏమీ పెట్టలేదు. ఇక అధికారికంగా మా తమ్ముడు పోయి నాలుగు వందల ఏళ్లు దాటింది. ఇంతకాలమైనా అలవాటు పడలేదంటే, లోపం నాలోనే ఉండాలి.